గీతకు అవతల కనిపించిన జీవి

అందరికీ నమస్కారం. ఇంత పొద్దున్నే ఇంతమంది వస్తారని అనుకోలేదు. సంతోషం.

పక్షుల పుస్తకం ఏదైనా ఒకటి తెరవండి. ప్రతి బొమ్మ పక్కన ఒక చిన్న పటం ఉంటుంది. ఆ పటంలో కొంత మేర రంగు వేసి ఉంటుంది. రంగు ఉన్నచోట ఆ పక్షి ఉంటుంది, లేనిచోట ఉండదు అని మనం అర్థం చేసుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చదివాను. ఆ రంగు అంచున ఉన్న గీత ఎవరు గీశారు, దేన్ని చూసి గీశారు అనే అనుమానం ఒక మ్యూజియంలో పని చేస్తున్నప్పుడు గానీ నాకు రాలేదు.

మ్యూజియం బీరువాల్లో ప్రతి నమూనా కాలికి దారంతో ఒక చీటీ కట్టి ఉంటుంది. అందులో పేరు కన్నా ముఖ్యమైనవి మూడు: ఏ చోటు, ఏ తేదీ, ఎవరు పట్టారు. ఆ చోట్లను పటం మీద చుక్కలుగా పెడతారు. అన్నిటికన్నా బయట ఉన్న చుక్కలను కలుపుతూ ఒక గీత గీస్తారు. మన పుస్తకంలో రంగు అంచు అదే. ఒకసారి నేను కూర్చుని ఒక బల్లి జాతికి ఇలా చుక్కలు పెట్టుకుంటూ పోయాను. సగం అయ్యేసరికి నా ముందున్న పటం చూస్తే రోడ్ల పటంలా కనిపించింది. చుక్కలన్నీ దారుల వెంట, రేవుల దగ్గర, పాత క్యాంపుల చుట్టూ గుంపులుగా పడ్డాయి. బల్లులకు రోడ్డుతో పనేముంది? వెతికేవాళ్లు అక్కడిదాకా మాత్రమే వెళ్లగలిగారు, అంతే. ఆ గీత బల్లి ఎక్కడ ఉందో కొంత చెబుతోంది, మనిషి ఎక్కడిదాకా వెళ్లాడో చాలా చెబుతోంది. ఈరోజు నేను మాట్లాడబోయే విషయమంతా దీని చుట్టూనే.

ఏ జీవి ఎక్కడెక్కడ ఉందో మనకు సరిగా తెలియకపోవడం అనే ఈ లోటుకు శాస్త్రంలో ఒక పేరుంది, వాలేసియన్ షార్ట్‌ఫాల్ అని. బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పేరు మీద పెట్టారు. ఆయన 1852లో అమెజాన్ నుంచి ఇంటికి బయలుదేరాడు. ఆగస్టులో నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన నమూనాల్లో ఆయన వెంట తెస్తున్నవన్నీ కాలిపోయాయి. అంత దెబ్బ తగిలిన మనిషి, అదే ఏడాది డిసెంబరులో లండన్ జంతుశాస్త్ర సంఘం ముందు నిలబడి అమెజాన్ కోతుల మీద ఒక పత్రం చదివాడు. అందులో ఆయన ఫిర్యాదు ఏమిటో తెలుసా? మ్యూజియం చీటీల మీద చోటు సరిగా రాయడం లేదని. 'బ్రెజిల్' అనో 'పెరూ' అనో 'దక్షిణ అమెరికా' అనో రాసేస్తున్నారు. నదికి ఈ ఒడ్డున పట్టారా, ఆ ఒడ్డున పట్టారా అన్నది ఎవరూ రాయడం లేదు. కానీ పెద్ద నది ఒక ఒడ్డున ఉన్న కోతి జాతి రెండో ఒడ్డున ఉండకపోవచ్చు. ఈ సంగతి స్థానిక వేటగాళ్లకు బాగా తెలుసని, ఫలానా జంతువు కావాలంటే వాళ్లు నది దాటి వెళ్తారని కూడా ఆయన చెప్పాడు. వేటగాడికి తెలిసిన విషయం మ్యూజియం చీటీకి తెలియదు. నూట డెబ్బై ఏళ్ల తర్వాత కూడా నేను ఇదే ఫిర్యాదు చేస్తున్నాను.

ఇక సీలకాంత్ చేప దగ్గరికి వస్తాను. ఈ చేప కథలో మొదటి భాగం మీలో చాలామంది విని ఉంటారు. డైనోసార్లతో పాటే అంతరించిపోయిందనుకున్న చేపల గుంపులో ఒకటి 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కింది. ఈస్ట్ లండన్ మ్యూజియంలో పని చేసే మార్జరీ కోర్టనే లాటిమర్ ఆ చేపల కుప్పలో దాన్ని చూసి, ఇది మామూలు చేప కాదని పక్కన పెట్టింది. చేపల శాస్త్రవేత్త జె.ఎల్.బి. స్మిత్ దాన్ని గుర్తుపట్టి పేరు పెట్టాడు. రెండో చేప కోసం ఆయన తీరం పొడుగునా కరపత్రాలు పంచాడు, బహుమతి ప్రకటించాడు. పద్నాలుగేళ్లు పట్టింది. 1952లో అది ఆఫ్రికా తూర్పు తీరానికి అవతల ఉన్న కొమొరోస్ దీవుల్లో దొరికింది. అక్కడికి వెళ్లి చూస్తే, ఆ దీవుల జాలర్లకు అది కొత్త చేపే కాదు. దానికి వాళ్ల భాషలో గొంబెస్సా అని పేరు కూడా ఉంది.

నాకు ఇష్టమైనది దీని తర్వాతి భాగం. నలభై అయిదేళ్ల పాటు సీలకాంత్ అంటే పశ్చిమ హిందూ మహాసముద్రానికి చెందిన చేప అనే లెక్క. 1997 సెప్టెంబరులో మార్క్ ఎర్డ్‌మన్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త ఇండోనేషియాలో, సులవేసి దీవి ఉత్తర కొనన ఉన్న మనాడోలో, భార్యతో కలిసి చేపల మార్కెట్‌లో నడుస్తున్నాడు. పెళ్లయిన కొత్త. అక్కడ ఒక పెద్ద చేప కంటపడింది. ఫోటో తీసుకున్నారు. చేపను మాత్రం తీసుకోలేదు. అది కొమొరోస్‌కు దాదాపు పదివేల కిలోమీటర్ల దూరం. ఒక్క ఫోటోతో అంత పెద్ద మాట ఎవరు ఒప్పుకుంటారు? ఆయన ఆ ఊళ్లన్నీ తిరిగి జాలర్లను అడగడం మొదలుపెట్టాడు. వాళ్లు ఆ చేపను రాజా లావుత్, అంటే సముద్రపు రాజు అని పిలుస్తారని తెలిసింది. 1998 జులై 30న మనాడో తువా దీవి దగ్గర లోతు నీళ్లలో వేసిన సొరచేపల వలలో ఒకటి చిక్కింది. ఇంకా ప్రాణంతో ఉంది.

తర్వాతి ఏడాది, డీఎన్‌ఏ పరీక్షల తర్వాత దాన్ని కొత్త జాతిగా ప్రకటించారు. చూడటానికి ఆఫ్రికా చేపలాగే ఉంటుంది, ఒకటి నీలం, ఒకటి గోధుమ రంగు. కానీ ఎప్పుడో లక్షల ఏళ్ల కిందటే విడిపోయిన రెండు జాతులు. పాత జాతి కొత్త చోట కనిపించిందని మొదలైన కథ కొత్త జాతితో ముగిసింది. అందుకే గీతకు చాలా దూరంగా ఏ జీవి కనిపించినా నేను ముందు అడిగేది ఒకటే: ఇది అదేనా, లేక అదనుకుంటున్న మరొకటా?

చీటీ మీద చోటు లేకపోతే ఎంత నష్టమో వాలెస్ చెప్పాడు. చీటీ మీద అబద్ధం రాస్తే ఎంత నష్టమో ఇప్పుడు చెబుతాను. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఫారెస్ట్ ఔలెట్ అని మధ్య భారతం అడవుల్లో ఉండే చిన్న గుడ్లగూబ. మన ఊళ్ల దగ్గర కనిపించే పైడికంటికి దగ్గర చుట్టం. పైడికంటికి నెత్తి మీద తెల్ల చుక్కలు ఒత్తుగా ఉంటాయి. దీని నెత్తి దాదాపు నున్నగా, చుక్కలు లేకుండా ఉంటుంది. కాళ్ల మీద తెల్లటి ఈకలు దట్టంగా, గోళ్లు ఒంటికి మించినంత పెద్దగా ఉంటాయి. పగటిపూట తిరుగుతుంది. దీన్ని 1873లో పక్షిశాస్త్రవేత్త అలన్ హ్యూమ్ మొదటిసారి వర్ణించాడు. 1884 నాటికి మొత్తం ఏడు నమూనాలు దొరికాయి. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు, ఒక్కరికి తప్ప. రిచర్డ్ మైనర్ట్‌జ్‌హాగన్ అనే పేరున్న బ్రిటిష్ సైనికాధికారి, పక్షుల సేకర్త, తాను 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర ఒకదాన్ని పట్టానని చీటీ రాశాడు.

అదే ఆఖరి రికార్డు కాబట్టి వెతికేవాళ్లు ఎక్కడికి వెళ్తారు? అక్కడికే. పెద్ద పెద్ద పక్షిశాస్త్రవేత్తలు కూడా ఆ చీటీని నమ్మారు. దొరకలేదు. అంతరించిపోయిందేమో అనుకున్నారు.

1990లలో పమేలా రాస్ముసెన్ అనే అమెరికా పక్షిశాస్త్రవేత్త మైనర్ట్‌జ్‌హాగన్ నమూనాలను ఒక్కొక్కటిగా పరీక్షించడం మొదలుపెట్టింది. పక్షి చర్మాన్ని నమూనాగా తయారు చేయడంలో ఒక్కొక్కరిది ఒక్కో చేతివాటం. దూది ఎలా కూరారు, ఎక్కడ కుట్టారు, కాళ్లు ఎలా మడిచారు, ఇవన్నీ చేతిరాత లాంటివి. ఆ '1914 గుడ్లగూబ'ను విప్పి మళ్లీ కుట్టిన ఆనవాళ్లు ఉన్నాయి. దాని కింద ఉన్న అసలు చేతిపని జేమ్స్ డేవిడ్‌సన్ అనే మరొక సేకర్తది. ఆయన 1880లలో ఖాందేశ్ ప్రాంతంలో ఈ పక్షులను సేకరించాడు. అంటే, మైనర్ట్‌జ్‌హాగన్ బ్రిటిష్ మ్యూజియం నుంచి ఒక నమూనాను దొంగిలించి, కొత్త చీటీ కట్టి, తనదని చెప్పుకున్నాడు.

ఆ ఒక్క చీటీ తీసి పక్కన పెట్టగానే ఎక్కడ వెతకాలో తేలిపోయింది. రాస్ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ అబాట్ ముగ్గురూ 1997 నవంబరులో పాత నిజమైన చీటీల మీద ఉన్న చోట్లకు బయలుదేరారు. ముందు తూర్పున ఉన్న చోట్లు చూశారు, ఏమీ లేదు. తర్వాత మహారాష్ట్రలోని షహాదా వైపు వెళ్లారు. నవంబరు 25న ఆకులు లేని చెట్టు మీద, పట్టపగలు, చుక్కలు లేని నెత్తితో అది కూర్చుని ఉంది. 113 ఏళ్ల తర్వాత! అన్నేళ్లూ అది ఉన్నచోటే ఉంది.

ఆపైన జరిగింది చూడండి. ఎలా ఉంటుందో, ఎలా అరుస్తుందో తెలిసింది కాబట్టి జనం చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టారు. మహారాష్ట్రలోని మేల్‌ఘాట్‌లో దొరికింది, మధ్యప్రదేశ్‌లో దొరికింది. 2014లో ముంబైకి దగ్గరలోని తాన్సా అభయారణ్యంలో కనిపించింది. తాన్సా చూడని అడవి కాదు. ఏళ్ల తరబడి పక్షి ప్రేమికులు తిరుగుతున్న చోటు. అక్కడ ఉండదని పుస్తకం చెప్పింది కాబట్టి, కంటపడినా పైడికంటి అనుకుని ముందుకు వెళ్లిపోయి ఉంటారని నా అనుమానం. ఇలా కొత్త చోట్లు చేరాక 2018లో, ప్రమాదంలో ఉన్న జీవుల అంతర్జాతీయ జాబితా అయిన రెడ్ లిస్ట్‌లో దీన్ని 'తీవ్రంగా ప్రమాదంలో ఉన్న' వర్గం నుంచి 'ప్రమాదంలో ఉన్న' వర్గానికి మార్చారు. పక్షుల సంఖ్య పెరిగిందని కాదు దీనర్థం, మనకు తెలిసింది పెరిగింది. ఈ తేడా మర్చిపోవద్దు. ఆ అడవులు ఇంకా తరుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. పరిశోధన మొదలుపెట్టిన రెండో ఏడాది, రాత్రి పదకొండు దాటాక, ఒక కొండవాగు పక్కన బండ మీద టార్చి వేస్తే ఒక బల్లి కనిపించింది. పుస్తకం ప్రకారం దాని ఇల్లు అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైన ఉండాలి. గుండె దడదడలాడింది. ముప్ఫై ఫోటోలు తీశాను. అన్నీ పైనుంచే: వీపు, తోక, తల. పట్టుకోలేదు, భయపెట్టడం ఎందుకని. తెల్లారి గర్వంగా ఫోటోలు పంపాను. ఆ జాతులు బాగా తెలిసిన పెద్దాయన ఫోన్‌లో ఒకటే అడిగారు: "నాలుగో వేలి కింద మడతలు ఎన్ని బాబూ?"

బల్లి గోడ ఎక్కేది వేళ్ల అడుగున ఉండే సన్నటి మడతలతో. అవి ఎన్ని, అడ్డంగా చీలి ఉన్నాయా, ఎక్కడిదాకా చీలాయి అన్నదాన్ని బట్టే దగ్గర జాతులను విడదీస్తారు. మగదైతే తొడల దగ్గర ఉండే రంధ్రాల వరస కూడా లెక్కపెట్టాలి. వీపు మీది మచ్చలు వయసును బట్టి, వెలుతురును బట్టి, కొన్నిసార్లు గంట గంటకూ మారిపోతాయి. నా ముప్ఫై ఫోటోల్లో ఒక్కదానిలోనూ పాదం అడుగు లేదు. మళ్లీ వెళ్లాను, మూడు రాత్రులు కూర్చున్నాను. కనబడలేదు. ఆ రికార్డు ఎక్కడా అచ్చు కాలేదు, కాకూడదు కూడా. అప్పటి నుంచి నా నోట్‌బుక్ మొదటి పేజీలో, నేను పని చేసే ప్రతి జీవి గుంపుకీ, ఏయే భాగాలు ఫోటో తీయాలో రాసి పెట్టుకుంటాను. మీరు కూడా చేయండి. కప్ప అయితే అరుపు రికార్డు చేయండి. తూనీగ అయితే తోక చివర పక్కనుంచి, పైనుంచి తీయండి. పక్కన స్కేలు పెట్టండి. అనుమతి ఉన్నప్పుడు ఒక నమూనా మ్యూజియంకు చేరితే అంతకన్నా మంచిది. యాభై ఏళ్ల తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే తెరిచి చూసుకునేలా ఉండాలి.

సరే, గుర్తింపు సరిగ్గా ఉంది, చోటూ నిజమే. అయినా ఆ జీవి అక్కడిదేనా? 2010 మే నెలలో ఇజ్రాయెల్ తీరంలో ఒక గ్రే వేల్ కనిపించింది. పసిఫిక్‌లో తప్ప ఎక్కడా మిగలని తిమింగలం అది. అట్లాంటిక్‌లో దాదాపు మూడు వందల ఏళ్ల కిందటే లేకుండా పోయింది. మూడు వారాలకు అదే తిమింగలం స్పెయిన్ తీరంలో తేలింది. తోక మీది మచ్చలు పోల్చి అదేనని తేల్చారు. 2013లో నమీబియాలో ఇంకొకటి. ఉత్తర ధ్రువం వైపు మంచు తగ్గి దారి తెరుచుకోవడం వల్ల అటునుంచి వచ్చి ఉంటాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఒక్క జంతువు దారితప్పి వచ్చినంత మాత్రాన పటానికి రంగు పూయకూడదు. అలాగని కొట్టిపారేయనూ కూడదు. చుక్క పెట్టాలి, తేదీ రాయాలి, ఊరుకోవాలి.

ఎందుకంటే కొన్నిసార్లు ఆ చుక్కే మొదలు. పశువుల వెంట తిరిగే తెల్ల కొంగ ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి 1870ల చివర్లో దక్షిణ అమెరికా ఈశాన్య తీరంలో కనిపించింది. ఎవరూ తీసుకెళ్లలేదు, తనే ఎగిరి వెళ్లింది. అడవులు కొట్టి పశువుల మేత భూములు చేస్తున్న కాలం కాబట్టి అక్కడ నిలదొక్కుకుంది. 1941కి ఫ్లోరిడా చేరింది, 1953లో అక్కడ గూళ్లు కట్టడం చూశారు. మొదట కనిపించిన ఒకటి రెండు కొంగల గురించి ఎవరో రాసి పెట్టకపోతే ఈ ప్రయాణమంతా మనకు తెలిసేది కాదు.

మనిషి తెచ్చి వదిలినవి ఇంకో రకం. వాటి గురించి ఎక్కువ చెప్పను, అది వేరే ఉపన్యాసానికి సరిపోయే విషయం. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఎర్రసముద్రం జీవులు మధ్యధరాలోకి రావడం మొదలైంది. లయన్ ఫిష్ అనే చేప అక్కడ 1991లో ఒకసారి కనిపించి, ఇరవై ఏళ్లు చప్పుడు లేకుండా ఉండి, 2012 తర్వాత ఒక్కసారిగా పెరిగిపోయింది. ఇలాంటి చోట కొత్త రికార్డు అంటే సంబరం కాదు, హెచ్చరిక.

ఇంకొక మాట, ముఖ్యంగా యువకులకు. కొత్త చోటు దొరకగానే దాని అక్షాంశ రేఖాంశాలతో సహా ఆన్‌లైన్‌లో పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. 1999లో చైనా దక్షిణ ప్రాంతం నుంచి ఒక గుహ బల్లిని కొత్త జాతిగా వర్ణించారు. చోటు అచ్చయింది. పెంపుడు జంతువుల వ్యాపారులు అదే కాగితం పట్టుకుని వెళ్లి, మొదట వర్ణించిన ఆ చోట ఒక్కటి కూడా మిగలకుండా పట్టుకుపోయారు. తర్వాత దాని దగ్గరి చుట్టాలను వర్ణించినవాళ్లు కచ్చితమైన చోటు అచ్చు వేయడం మానేశారు. చోటు పూర్తిగా రాయాల్సిందే, కానీ మ్యూజియం రిజిస్టర్‌లో, మీ నోట్‌బుక్‌లో. అందరూ చూసే చోట జిల్లా పేరుతో ఆపండి.

చివరగా జోసెఫ్ గ్రినెల్ గురించి చెప్పాలి. కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయపు జంతు మ్యూజియం మొదటి డైరెక్టర్. 1914 నుంచి 1920 దాకా తన బృందంతో యోసెమిటీ కొండల్లో కింది లోయ నుంచి పై శిఖరాల దాకా ఎలుకలు, ఉడతలు, చుంచులు ఎక్కడెక్కడ ఉన్నాయో నమోదు చేశాడు. ఈ పని విలువ ఇప్పుడు తెలియదని, బహుశా వందేళ్ల తర్వాత చదివేవాళ్లకు తెలుస్తుందని ఆయన అప్పుడే రాశాడు. 1939లో చనిపోయాడు.

2003 నుంచి అదే మ్యూజియం వాళ్లు ఆ నోట్‌బుక్‌లు పట్టుకుని అవే చోట్లకు వెళ్లారు. 2008లో ఫలితాలు వచ్చాయి. చూసిన 28 చిన్న జంతువుల జాతుల్లో సగం, సగటున దాదాపు 500 మీటర్లు పైకి జరిగాయి. ఆ మధ్యలో అక్కడి రాత్రి ఉష్ణోగ్రత దాదాపు 3 డిగ్రీలు పెరిగింది. ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి లెక్కలన్నీ కలిపి చూసిన 2011 నాటి పరిశోధన, జీవులు పదేళ్లకు దాదాపు 17 కిలోమీటర్లు ధ్రువాల వైపు, 11 మీటర్లు కొండ పైకి జరుగుతున్నాయని తేల్చింది.

కానీ ఒక చిక్కు ఉంది. ఒక ఎలుక ఇప్పుడు పైన కనిపించింది, అప్పుడు అక్కడ కనిపించలేదు. నిజంగా లేదా, లేక గ్రినెల్ మనుషులు సరిగా వెతకలేదా? మొదట్లో చెప్పిన బల్లి పటం దగ్గర నేను పడిన అనుమానమే ఇది. దీనికి జవాబు దొరికింది, ఎందుకో తెలుసా? ఆయన నోట్‌బుక్‌లలో దొరికినవాటి జాబితా ఒక్కటే లేదు. ఏ రాత్రి ఎన్ని బోనులు పెట్టారు, ఏ రకం బోనులు, ఎన్ని ఖాళీగా వచ్చాయి, అంతా రాసి ఉంది. ఏమీ పడని రాత్రులు కూడా తేదీతో సహా ఉన్నాయి. ఆ ఖాళీ బోనుల లెక్కతోనే, ఫలానా ఎలుక అక్కడ ఉండి ఉంటే ఎంతవరకు దొరికేదో అంచనా వేసి, అప్పట్లో అది నిజంగానే లేదని చెప్పగలిగారు.

నేను తెచ్చిన రెండు పాత నోట్‌బుక్‌లు ఆ బల్ల మీద ఉన్నాయి. నావే. ఎడమవైపు పేజీల్లో ఏమీ దొరకని రాత్రులు ఉన్నాయి, ఆ బల్లి కోసం కూర్చున్న మూడు రాత్రులు కూడా. తిరగేసి చూడండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.